ర్యామ్ రేట్లకు రెక్కలు.. ఆల్బమ్ సిస్టమ్ మార్చాలంటే ముందు చూడాల్సింది పాత స్టిక్కులే!

పెళ్లిలో ఫొటోలు తీయడం ఒక ఎత్తు.. వాటిని ఆల్బమ్‌గా కూర్చడం మరో ఎత్తు. జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ లాంటి ఊళ్లో స్టూడియో అంటే కెమెరా, లైట్లే కాదు. మూలన ఒక అసెంబుల్డ్ సిస్టమ్ కూడా ఉండాల్సిందే. చిల్పూర్, జఫర్‌గఢ్, రఘునాథపల్లి వైపు పెళ్లిళ్ల ఫొటోలైనా చివరికి ఫొటోషాప్‌లోకి రావాల్సిందే. ఇప్పుడు ఆ సిస్టమ్‌కే రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి.

మొదటిది, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంటే 4వ తరం, 6వ తరం ఐ5లతో నెట్టుకొస్తున్న స్టూడియోలకు సిస్టమ్ మార్చక తప్పని పరిస్థితి. సరే మారుద్దామని షాపుకెళ్తే రెండో దెబ్బ.. ర్యామ్ రేటు! 2025 మధ్యలో నాలుగైదు వేలకు దొరికిన 16 జీబీ డీడీఆర్5 స్టిక్‌కు ఏడాది చివరికల్లా రెండింతలు, మూడింతలు చెప్పడం మొదలుపెట్టారు. డీడీఆర్4 కూడా ఊరుకోలేదు, దాని వెనకే పెరిగింది.

ఏఐ తింటోంది.. స్టూడియో కడుతోంది

ఘన్‌పూర్‌లో ఆల్బమ్ చేసుకునే వాళ్లకూ, అమెరికాలో కట్టే ఏఐ డేటా సెంటర్లకూ సంబంధం ఏంటి? ఉంది. ప్రపంచంలో మెమొరీ చిప్‌లు పెద్ద ఎత్తున చేసేవి ప్రధానంగా మూడు కంపెనీలే. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ చిప్‌ల పక్కన హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమొరీ వాడతారు. ఒక జీబీ హెచ్‌బీఎం చేయడానికి పట్టే సిలికాన్‌తో సుమారు మూడు జీబీల మామూలు డీడీఆర్5 చేయొచ్చు. లాభం ఎటుంటే ఫ్యాక్టరీ అటే తిరుగుతుంది కదా! 2025 అక్టోబరులో ఓపెన్ఏఐ.. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్‌లతో ఒప్పందం చేసుకుంది. నెలకు 9 లక్షల వేఫర్ల వరకు లక్ష్యంగా పెట్టుకున్నారు. ఆ డిసెంబరులోనే మైక్రాన్ మరో బాంబు పేల్చింది. మన షాపుల్లో బాగా తెలిసిన క్రూషియల్ బ్రాండ్ ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. సరఫరా 2026 ఫిబ్రవరి వరకేనని, ఇప్పటికే కొన్నవాటికి వారంటీ సేవలు కొనసాగుతాయని చెప్పింది.

గుజరాత్‌లోని సానంద్‌లో మైక్రాన్ ప్లాంటు ఉందిగా అనొచ్చు. అక్కడ జరిగేది అసెంబ్లింగ్, టెస్టింగ్ పనే. వేఫర్ తయారయ్యేది విదేశాల్లోనే. కొత్త వేఫర్ ఫ్యాక్టరీ కట్టి చిప్ బయటికి తేవాలంటే ఏళ్లు పడుతుంది. కాబట్టి "రెండు నెలలు ఆగితే పాత రేటు వచ్చేస్తుంది" అన్న లెక్కను నమ్ముకుంటే కష్టమే.

అసలు ఎంత ర్యామ్ కావాలి?

షాపులో ఇచ్చే సలహాల కంటే ఆల్బమ్ లెక్కే బాగా చెబుతుంది. 12×36 అంగుళాల షీటు, 300 డీపీఐ. అంటే 3600×10800 పిక్సెళ్లు, దాదాపు 3.9 కోట్లు. పిక్సెల్‌కు మూడు బైట్ల చొప్పున ఒక్క లేయరే సుమారు 117 ఎంబీ. షీటు నిండా ఉండే లేయర్లు పది పెడితే ఒక జీబీ దాటేసింది. దానికి తోడు ఫొటోషాప్ వెనక్కి వెళ్లడానికి మామూలుగా 50 స్టెప్పులు గుర్తుపెట్టుకుంటుంది. పక్కన లైట్‌రూమ్, బ్రౌజర్, వాట్సాప్ తెరిచే ఉంటాయి.. అవి లేకుండా స్టూడియో ఎక్కడ నడుస్తుంది? 8 జీబీ సిస్టమ్ మొరాయించేది ఇక్కడే. 16 జీబీతో పని నడుస్తుంది, 32 ఉంటే హాయి. పెళ్లి ఆల్బమ్‌లే ప్రధానమైన స్టూడియోకు 64 జీబీ కొనడం ఈ రేట్లలో డబ్బు వృథా.

బోర్డు తర్వాత.. ముందు ర్యామ్

ఇన్నాళ్లూ ప్రాసెసర్, తర్వాత బోర్డు, చివర్లో ర్యామ్ ఎంచుకునేవాళ్లు. ఇప్పుడు ఆ వరుస తిరగబడింది. మూత విప్పి పాత సిస్టమ్‌లో ఏ ర్యామ్ ఉందో చూడటమే మొదటి పని.

8వ తరం లేదా పై ప్రాసెసర్ ఉంటే గొడవే లేదు. బోర్డు మార్చకుండా ఇంకో స్టిక్ వేసి, విండోస్ 11కు వెళ్లొచ్చు. 6వ, 7వ తరం వాళ్లదే అసలు కథ. ప్రాసెసర్ పనికిరాదు గానీ, వాటిలో ఎక్కువ శాతం సిస్టమ్స్‌లో ఉన్నది డీడీఆర్4. ఆ స్టిక్కులు పారేయొద్దు! ఇంటెల్ 12, 13, 14వ తరం ప్రాసెసర్లకు డీడీఆర్4 బోర్డులు కూడా ఉన్నాయి. చాలా బీ760 మోడళ్ల పేరులోనే డీ4 లేదా డీడీఆర్4 అని ఉంటుంది, బాక్స్ మీద అది చూసే తీసుకోవాలి. డీడీఆర్5 బోర్డులో డీడీఆర్4 స్టిక్ దిగదు, గాటే వేరు. పాత 2400 స్పీడ్ స్టిక్ కొత్త దాంతో కలిపితే రెండూ తక్కువ స్పీడ్‌లోనే నడుస్తాయి. కొంచెం నెమ్మదే. అయినా ఆల్బమ్ పనిలో స్పీడ్ కంటే సైజే ముఖ్యం. ఏఎండీ కావాలనుకుంటే ఏఎం4 సాకెట్ బీ550 బోర్డు ఇదే పని చేస్తుంది. కాకపోతే రైజెన్ 5000లో పేరులో జీ అక్షరం లేని వాటికి డిస్‌ప్లే రాదు, గ్రాఫిక్స్ కార్డు ఖర్చు అదనం. ఇంటెల్‌లో ఎఫ్ అక్షరం ఉన్నవాటికీ అదే తంటా.

4వ తరం వాళ్ల డీడీఆర్3 మాత్రం ఎందుకూ పనికిరాదు. వాళ్లు కొత్తగా కొనక తప్పదు. ఏఎం5 బోర్డు, డీడీఆర్5 ఎంచుకుంటే ఆ సాకెట్‌కు 2027 దాకా సపోర్ట్ ఇస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. ఇప్పుడు 16 జీబీ ఒక్క స్టిక్‌తో మొదలుపెట్టి, రేటు దిగాక రెండోది వేసుకోవచ్చు. ఒక్క స్టిక్‌తో డ్యుయల్ చానెల్ పోతుంది, కొంత స్పీడ్ తగ్గుతుంది. అయినా 8 జీబీలు రెండు కొని రెండు స్లాట్లూ నింపేసుకోవడం కంటే నయం. మరీ చౌక హెచ్610 బోర్డు జోలికి పోకపోవడమే మంచిది. రెండే ర్యామ్ స్లాట్లు, చాలా మోడళ్లలో ఎం.2 స్లాటు ఒక్కటే. ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ మీద పడుతుంది కాబట్టి రెండో ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీకి చోటు ఉండాలి.

ఆగే వీలుందా?

ఉంది. విండోస్ 10 వాడుతున్న ఇళ్లలోని సిస్టమ్స్‌కు 2026 అక్టోబరు 13 వరకు ఈఎస్‌యూ పేరుతో సెక్యూరిటీ అప్‌డేట్స్ ఇస్తోంది మైక్రోసాఫ్ట్. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి నమోదు చేసుకోవాలి. పైగా 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. ముహూర్తాలు ఉండవు, స్టూడియోలకు కాస్త ఊపిరి దొరుకుతుంది. సిస్టమ్ విప్పాలంటే సీజన్ మధ్యలో కంటే అదే సరైన టైమ్.

కొనడానికి హనుమకొండ వెళ్లినా, రైలెక్కి సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా బిల్లు లేకుండా ర్యామ్ తీసుకోవద్దు. రేట్లు ఇలా ఉన్నప్పుడే విప్పిన స్టిక్కులు కొత్తవాటి పేరుతో చేతులు మారతాయి. చాలా బ్రాండ్లు ర్యామ్‌కు లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి.. స్టిక్ మీద సీరియల్ నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా కాదా అని కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. ఇంటికొచ్చాక మెమ్‌టెస్ట్86 పెట్టి ఒక రాత్రి వదిలేస్తే, లోపం ఉంటే తెల్లారేసరికి బయటపడుతుంది.