రివర్స్ లాక్ తీయించకండి భాయ్

షార్జా దగ్గర అల్ బదాయర్ ఇసుక తిన్నెల మీద క్వాడ్ బైక్ నడపడమంటే గల్ఫ్‌లో ఉన్న మన కుర్రాళ్లకు భలే షౌక్. ఆ షౌక్‌తో నాకు పేచీ లేదు. రివర్స్ గేరు లాక్ తీయించే ఆదత్‌తోనే నా పేచీ.

యమహా రాప్టర్ 700 లాంటి స్పోర్ట్ బండిలో గేర్లు కింది నుంచి పైకి వరుసగా ఉంటాయి: రివర్స్, న్యూట్రల్, తర్వాత ఒకటి నుంచి ఐదు. బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చేత్తో నాబ్ తిప్పితేనే పెడల్ రివర్స్‌లోకి దిగుతుంది. "మాటిమాటికీ ఇదేం ముసీబత్" అని కొందరు ఆ లాక్ ఎప్పుడూ తెరిచే ఉండేలా వైరుతో కట్టిస్తారు.

ఖతరా అక్కడే ఉంది. తిన్నె దిగుతూ గాబరాలో గేర్లు టకటకా తగ్గిస్తాం. ఒక్క తొక్కుడు ఎక్కువైతే న్యూట్రల్ దాటి రివర్స్‌కు పోకుండా ఆపేది ఏదీ ఉండదు. గేర్ల పళ్లు విరగొచ్చు. వెనక చక్రాలు పట్టేస్తే మనిషి ఎగిరి పడొచ్చు, దాదాపు 190 కిలోల బండి మీద పడొచ్చు. కాస్త సహూలత్ కోసం జాన్ పణం పెట్టాలా?

నాబ్ బిగుసుకుపోతే కేబుల్‌లో ఇసుక చేరిందేమో చూడండి. శుభ్రం చేయించండి, లేదా కొత్త కేబుల్ వేయించండి. చెయ్యి అందకపోతే నాబ్‌ను దగ్గరికి జరిపించుకోండి, నాకేం ఏతరాజ్ లేదు. పాత బాన్షీ బండికి అసలు రివర్సే లేదు, దిగి వెనక్కి లాగాల్సిందే. ఆ మెహనత్ ముందు నాబ్ తిప్పడం ఎంత?

అద్దె బండైనా ఎక్కే ముందు ఆపి చూసుకోండి. నాబ్ ముట్టకుండానే రివర్స్ పడితే ఆ బండి వద్దు. ఇక్కడున్న అమ్మీ, అబ్బాలు కూడా ఫోన్‌లో ఒక్క సవాల్ అడగండి: "బేటా, రివర్స్ లాక్ ఉందా?"