ఇరవై అంకెల సంఖ్యకు ఒక్క పీరియడ్ ఇవ్వండి

ప్రధాన సంఖ్యల పాఠం మొదలుపెట్టేటప్పుడు నేను బోర్డు మీద ముందు మా సిద్దిపేట పిన్‌కోడ్ రాస్తాను: 502103. ఏడుతో భాగిస్తే శేషం లేకుండా పోతుంది. వచ్చిన 71729 కూడా ఏడుతోనే పోతుంది. 10247 దగ్గర పిల్లలు ఆగుతారు. "ఇంకెంత దాకా చూడాలె సార్?" అంటారు. 101 దాకా చాలు, 102ను 102తో హెచ్చిస్తేనే 10247 దాటిపోతుంది కదా. ఆ లోపు ఉన్న ప్రధాన సంఖ్యలు 26. తలా ఒకటి పంచుకుంటే కాసేపట్లో తేలిపోతుంది, 10247 ఇక విరగదని.

అక్కడి నుంచి పావులూరి మల్లన దగ్గరికి పోతాం. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి ఆయన. చదరంగం మొదటి గడిలో ఒకటి, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, ఇట్లా 64 గడులూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంతో ఒక్క పద్యంలో చెప్పాడు. అందులో అంకెలకు బదులు మాటలు ఉంటాయి: బాణాలంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు రాసుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. ఇదే సంఖ్యను ఎక్సెల్‌లో కొట్టి చూడండి, పదిహేను అంకెలు నిలిచి చివరి అయిదూ సున్నాలైపోతాయి. మల్లన పద్యంలో ఒక్క అంకె పోలేదు.

ఈ సంఖ్యను మన హైస్కూలు పుస్తకంలో పెట్టాలని నేను గట్టిగా అడుగుతున్నాను. 64 రెండ్లను హెచ్చించి ఒకటి తీసేస్తే వచ్చేది ఇదే. ఎనిమిదో తరగతిలో మార్కుల కోసం బట్టీ పట్టే ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రాన్ని దీని మీద మళ్లీ మళ్లీ వాడితే చాలు, 3, 5, 17, 257, 65537 ఒక్కొక్కటే బయటపడతాయి. చివరికి 4294967297 మిగులుతుంది. ఇది కూడా ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. కాదని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు. దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలని కూడా ఆయనే నిరూపించాడు. అలాంటివి వరుసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారంలో శేషం సున్నా! క్లాసులో ఆ సున్నా పడ్డప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా లేచి నిలబడతారు. ఆప్షన్ చూసి జవాబు పట్టే షార్ట్‌కట్లు నేర్పే కోచింగ్‌లో ఈ సంతోషం దొరకదు.

పద్యాన్ని తెలుగు సారు విప్పాలి, భాగహారం లెక్కల సారు చేయించాలి. ఇద్దరికీ కలిపి ఒక పీరియడ్ కేటాయిస్తే సరిపోతుంది. భాగఫలంగా వచ్చిన 6700417ను ఇంటిపనిగా ఇవ్వండి. అదీ ప్రధాన సంఖ్యేనని రుజువు చేయడానికి 641 నుంచి 2113 దాకా, 64తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు ఏడింటితో భాగించి చూస్తే చాలు.