ఐదు కిలోమీటర్ల పొరుగు: సరిహద్దు సంతలు, స్థానిక ప్రభుత్వాలు

మేఘాలయలోని గారో కొండల దిగువన, కలాయ్‌చర్ గ్రామం వద్ద 2011 జూలై 23న ఒక సంత ప్రారంభమైంది. దానికి అవతలి వైపు బంగ్లాదేశ్‌లోని కురిగ్రామ్ జిల్లాకు చెందిన బలియామారి గ్రామం ఉంది. 75 మీటర్ల చదరం, చుట్టూ కంచె, ఒక్కో దేశం వైపు ఒక్కో ద్వారం, తొలుత వారానికి ఒక రోజు బేరసారాలు: ఇదే ఆ సంత స్వరూపం. పాస్‌పోర్టు గాని, వీసా గాని, సుంకం గాని అక్కడ అవసరం లేదు. రూపాయి చెల్లుతుంది, టాకా చెల్లుతుంది, వస్తు మార్పిడికీ అభ్యంతరం లేదు. రెండు దేశాల ఆర్థిక సహకారాన్ని గురించి వెలువడే నివేదికలలో ఇటువంటి సంతలకు దక్కేది ఒకటి రెండు వాక్యాలు మాత్రమే. అయినప్పటికీ వ్యవసాయ విస్తరణ రంగంలో పనిచేసేవారు నిశితంగా పరిశీలించవలసిన ప్రయోగం ఇది.

ఈ సంతను కొత్త ఆవిష్కరణ అనడం కంటే పాత ఆచారానికి పునరుద్ధరణ అనడం సమంజసం. 1947కు పూర్వం గారో, ఖాసీ కొండల రైతులు నారింజ, వక్క, తమలపాకు, బిర్యానీ ఆకు వంటి సరుకులను మైమెన్‌సింగ్, సిల్హెట్ మైదానాల సంతలకు దించి, బియ్యం, ఎండుచేపలు తీసుకుని కొండ ఎక్కేవారు. కొండకు మైదానం అవసరం, మైదానానికి కొండ అవసరం. దేశ విభజనతో ఆ దారి తెగిపోయింది. బంగ్లాదేశ్ అవతరించిన పిమ్మట 1972లో కుదిరిన వాణిజ్య ఒప్పందం సరిహద్దుకు ఇరువైపులా 16 కిలోమీటర్ల మేరకు చిల్లర వర్తకానికి అవకాశం కల్పించినా, దొంగరవాణా భయంతో ఏడాది తిరగకముందే ఆ ఏర్పాటు రద్దయింది. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలపాటు, త్వరగా చెడిపోయే పంట పండించే రైతుకు పక్క ఊరి సంత పరదేశంగానే మిగిలిపోయింది.

2010 అక్టోబరులో ఇరు దేశాలు అవగాహన ఒప్పందం కుదుర్చుకున్న తరువాత కలాయ్‌చర్, 2012లో బాలాట్, 2015లో త్రిపురలోని శ్రీనగర్, కమలాసాగర్ సంతలు ఆరంభమయ్యాయి. 2021 మార్చిలో మరి మూడింటికి ప్రారంభోత్సవం జరిగింది. సరిహద్దు పొడవు 4,096 కిలోమీటర్లని గుర్తు చేసుకుంటే ఈ సంఖ్య ఎంత స్వల్పమో బోధపడుతుంది.

సంత నియమాలు చెప్పే సంగతి

సంతకు అయిదు కిలోమీటర్ల పరిధిలో నివసించేవారే అక్కడ అమ్మకందారులు. స్థానికంగా పండిన కూరగాయలు, పండ్లు, సుగంధ ద్రవ్యాలు, కలప మినహా చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, చేపలు, పాడి, కోళ్ల ఉత్పత్తులు, చేనేత వస్త్రాలు, గొడ్డలి, పార, నాగలి వంటి పనిముట్లు అనుమతించిన జాబితాలో ఉన్నాయి. ఒక్కొక్కరి కొనుగోలు పరిమితి తొలుత 50 డాలర్లు. తరువాత దానిని 100కు, 2017 ఏప్రిల్‌లో 200కు పెంచారు. తెలుగు పాఠకులకు 1999లో ఆరంభమైన రైతు బజార్లు ఇక్కడ తప్పక స్ఫురిస్తాయి. అమ్మేవాడిని గుర్తింపు కార్డుతో నిర్ధారించడం, దళారిని దూరంగా ఉంచడం, పండించిన వాడికీ కొనే వాడికీ నడుమ దూరం తగ్గించడం రెండింటిలోనూ ఉన్న సూత్రమే. ఇక్కడ అదనంగా ఉన్నది అంతర్జాతీయ సరిహద్దు.

సంత నిర్వహణ సంఘానికి ఇరువైపులా జిల్లా అదనపు మేజిస్ట్రేటు స్థాయి అధికారి అధ్యక్షత వహిస్తారు. పోలీసు, కస్టమ్స్, సరిహద్దు దళాల ప్రతినిధులతో పాటు గ్రామస్థాయి స్థానిక సంస్థ ప్రతినిధికీ అందులో చోటు ఉంది. ఆ చోటు ఉండడం మెచ్చదగిన విషయమే. కాని నిర్ణయాధికారపు తూకం ఎటు మొగ్గుతుందో సంఘం కూర్పే తెలుపుతున్నది. భద్రత చూసేవారు ముగ్గురు, పంట పండే ఊరి పక్షాన మాట్లాడేవారు ఒకరు. వ్యవసాయ శాఖకు గాని, విస్తరణ వ్యవస్థకు గాని అందులో స్థానం కల్పించలేదు. అమ్ముడయ్యే సరుకులో సింహభాగం పొలం నుంచి, తోట నుంచి, చెరువు నుంచి రావలసిన సంతకు ఇది పెద్ద లోటు.

మరొక అయిదు కిలోమీటర్లు

అయిదు కిలోమీటర్లనే కొలత ఇదే సరిహద్దు మీద మరొక చోట, పూర్తిగా భిన్నమైన ప్రయోజనానికి వినియోగంలోకి వచ్చింది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ నైరుతి జిల్లాలలో గోధుమ అగ్గి తెగులు బయటపడింది. 1985లో బ్రెజిల్‌లో తొలిసారి గుర్తించిన ఈ తెగులు ఆసియాలో కనిపించడం అదే ప్రథమం. వరిలో అగ్గి తెగులు కలిగించే శిలీంధ్రానికే చెందిన వేరొక రూపం దీనికి కారణం. వెన్ను దశలో సోకితే గింజ తాలుగా మారి, చేను కోతకు ముందే తెల్లబడుతుంది. ఎనిమిది జిల్లాలలో సుమారు 15,000 హెక్టార్ల పైరు దెబ్బతిన్నది. వాటిలో ఒకటైన మెహెర్‌పూర్, పశ్చిమ బెంగాల్‌లోని నదియా జిల్లాను ఆనుకుని ఉంది.

తెగులు దాటి రాకుండా పశ్చిమ బెంగాల్‌లో సరిహద్దు వెంబడి అయిదు కిలోమీటర్ల మేర గోధుమ సాగును నిలిపివేశారు. నదియా, ముర్షిదాబాద్ జిల్లాలలో పంట విరామం అమలయింది. 2011లో కోనసీమ రైతులు ప్రకటించిన పంట విరామం తెలుగు నేలకు తెలిసినదే. అది గిట్టుబాటు లేక రైతు తనకు తానుగా తీసుకున్న నిర్ణయం. ఇక్కడ మాత్రం దేశపు గోధుమ పంటను కాపాడేందుకు ప్రభుత్వం విధించిన కట్టుబాటు. శాస్త్రపరంగా దానిని తప్పు పట్టవలసిన పని లేదు. సోకిన విత్తనం ద్వారాను, గాలి ద్వారాను వ్యాపించే తెగులుకు ఆతిథ్య పైరు లేని పట్టీని అడ్డుపెట్టడం అనుభవంలో ఉన్న పద్ధతే.

అయితే ఆ పట్టీకి ఒకవైపు మాత్రమే హద్దు ఉంది. అవతలి రైతు ఏ రకం విత్తాడో, ఎప్పుడు విత్తాడో, వెన్ను తీసే వేళ వాన పడిందో లేదో ఇవతలి గ్రామ పంచాయతీకి తెలిసే అధికారిక మార్గమేదీ లేదు. శాస్త్రవేత్తల స్థాయిలో సహకారం లేకపోలేదు. భారతీయ గోధుమ వంగడాలను బంగ్లాదేశ్‌లోని జషోర్‌లో తెగులు ఒత్తిడికి గురిచేసి పరీక్షించారు. 2017లో విడుదలైన బారి గోమ్ 33 అనే తెగులు తట్టుకునే రకం బంగ్లాదేశ్ సాధించిన విజయం. జాతీయ పరిశోధనా సంస్థల మధ్య సమాచారం నడిచింది. నడవనిది చేనుకు చేనుకు మధ్య. తెగులు తొలి మచ్చను చూసేది పరిశోధనా కేంద్రం కాదు, గట్టు మీద నిలిచిన రైతు. అతడు చూసినది పక్క ఊరికి చేరాలంటే ఢాకాకు, ఢిల్లీకి వెళ్లి తిరిగి రావలసి ఉంటే, ఆ వార్త తెగులు కంటే ఆలస్యంగా చేరుతుంది.

అనుమతి లేకుండా ప్రయాణించిన వంగడం

సరిహద్దును పంట ఏ విధంగా దాటుతుందో తెలుపడానికి తెలుగు నేలలోనే ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా కేంద్రంలో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, తూర్పు భారతమంతటా విస్తరించింది. అక్కడితో ఆగక రైతుల చేతుల మీదుగా ఉత్తర బంగ్లాదేశ్ పొలాలకూ చేరింది. ఏ విడుదల సంఘమూ దానిని అక్కడికి పంపలేదు. దాని ముంపు తట్టుకునే రూపమైన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లోను, బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్ 51 పేరుతో 2010లోను అధికారికంగా వెలువడింది. స్వర్ణకు మాతృకలలో ఒకటైన మషూరి సైతం మలేషియా నుంచి వచ్చినదే.

2014లో ఖాట్మండులో భారత్, బంగ్లాదేశ్, నేపాల్ ప్రతినిధులు ఒక దేశపు వరి వంగడ పరీక్షా ఫలితాలను మరొక దేశం విడుదలకు పరిగణించేందుకు అంగీకరించారు. రైతు ముందే చేసిన పనికి ప్రభుత్వాలు ఆలస్యంగానైనా చట్టబద్ధత కల్పించాయని చెప్పవచ్చు. కాని మారుటేరు విత్తనం దాటిన దారినే తెగులు సోకిన విత్తనమూ దాటగలదు. దారి మూయడం అసాధ్యమైనప్పుడు, దారి మీద కాపు పెట్టుకోవడమే వివేకం. ఆ కాపు కాయగలిగినది స్థానిక సంస్థ.

రాజ్యాంగం ఏమంటున్నది?

విదేశీ వాణిజ్యం కేంద్ర జాబితాలోని 41వ అంశం. దానిపై వివాదానికి తావు లేదు. వ్యవసాయం, తెగుళ్ల నుంచి పంటల రక్షణ రాష్ట్ర జాబితాలోని 14వ అంశం. సంతలు, జాతరలు అదే జాబితాలో 28వ అంశం. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల పదకొండవ షెడ్యూలులో వ్యవసాయ విస్తరణ మొదటిది, సంతల నిర్వహణ 22వది. మేఘాలయకు పంచాయతీల అధ్యాయం వర్తించకున్నా, ఆరవ షెడ్యూలు కింద స్వయంప్రతిపత్తి గల జిల్లా మండళ్లకు సంతలు నెలకొల్పి నడిపే అధికారం ఉంది. త్రిపురలో మూడంచెల పంచాయతీలతో పాటు గిరిజన ప్రాంతాల స్వయంప్రతిపత్తి మండలి కూడా పనిచేస్తున్నది. బంగ్లాదేశ్ వైపు యూనియన్ పరిషత్తు, ఉపజిల్లా పరిషత్తు ఉన్నాయి. ఉపజిల్లా స్థాయిలోనే వ్యవసాయ విస్తరణ కార్యాలయమూ ఉంది. కనుక సంత స్థానికమా, విదేశీ వాణిజ్యమా అన్న ప్రశ్నకు రెండూ అన్నదే సరైన జవాబు. ఇంతవరకు రెండవ సగమే పాలనలో ప్రతిఫలించింది.

ఐరోపాలో ఈ సమస్యను వేరొక రీతిలో పరిష్కరించుకున్నారు. జర్మనీ, నెదర్లాండ్స్ సరిహద్దులోని పురపాలక సంస్థలు 1958లోనే యూరెజియో పేరుతో ఉమ్మడి సంఘంగా ఏర్పడ్డాయి. అటువంటి సహకారానికి చట్రం కల్పించిన మాడ్రిడ్ ఒడంబడిక 1980లో వచ్చింది. ఉమ్మడి సంఘాలకు చట్టపరమైన ప్రతిపత్తి కల్పించే యూరోపియన్ యూనియన్ నిబంధన 2006లో వెలువడింది. అనగా పని ముందు మొదలైంది, చట్టం తరువాత వచ్చింది. ఏ దేశమూ తన విదేశాంగ విధానాన్ని పురపాలికలకు అప్పగించలేదు. ఆ నమూనాను యథాతథంగా గారో కొండలకు తెచ్చి నాటడం మాత్రం పొరపాటవుతుంది. అక్కడి సంపద, అక్కడి రాజకీయ విశ్వాసం ఇక్కడ లేవు. గ్రహించవలసినది క్రమాన్ని మాత్రమే: చిన్న పని, నిర్దిష్టమైన పని, ఆపై దానికి తగిన నియమం.

అభ్యంతరాలు

సరిహద్దు అంటే దొంగరవాణా, చొరబాటు అన్న ఆందోళన నిరాధారం కాదు. పశువుల నుంచి మత్తు కలిగించే మందుల వరకు అక్రమంగా దాటుతున్న సరుకుల జాబితా దీర్ఘమైనదే. అయితే పేరు నమోదై, గుర్తింపు కార్డుతో, పగటి వేళ, కంచె నడుమ జరిగే అమ్మకం అక్రమ వర్తకానికి ప్రత్యామ్నాయమే గాని దాని ద్వారం కాదు. వ్యాపార పరిమాణం అత్యల్పమన్నది రెండవ అభ్యంతరం. దేశ ఎగుమతుల లెక్కలో అది నిజమే. కాని రెండు బుట్టల నారింజ అమ్ముకోవలసిన రైతు కుటుంబానికి దేశ ఎగుమతుల లెక్క కొలమానం కాజాలదు.

బలమైనది మూడవ అభ్యంతరం. రాజధానుల మధ్య సంబంధం చెడితే స్థానిక సంస్థ ఏమి చేయగలదు? 2020లో కోవిడ్ వ్యాప్తితో మూతపడిన ఈ సంతలు దేశం లోపలి సంతలు తెరుచుకున్నంత వేగంగా తెరుచుకోలేదు. 2024 ఆగస్టులో ఢాకాలో అధికారం మారిన తరువాత ఇరు దేశాల సంబంధాలు బిగుసుకున్నాయి. 2025లో భూమార్గ వాణిజ్యంపై ఇరు ప్రభుత్వాలూ ఆంక్షలు విధించాయి. ఈ వాస్తవాన్ని కాదనలేము. సంత తెరవాలా మూయాలా అన్నది రాజధానుల నిర్ణయమే. కాని తెగుళ్ల సమాచారం ఆ నిర్ణయంతో ముడిపడి ఉండనవసరం లేదు. సంబంధాలు చల్లబడిన ఏడాది శిలీంధ్రం విరామం తీసుకోదు. వరద హెచ్చరికను మిత్రుడికీ, కానివాడికీ ఇచ్చినట్లే తెగులు హెచ్చరికను కూడా పరిగణించవలసి ఉంటుంది.

చేయదగిన పనులు

మొదటిది, సంత నిర్వహణ సంఘంలో ఇరువైపులా వ్యవసాయ విస్తరణ అధికారికి ఒక్కో స్థానం కల్పించడం. దీనికి కొత్త ఒప్పందం కంటే ఉన్న ఒప్పందానికి చిన్న సవరణ చాలు. రెండవది, సంతలోనే తెగుళ్ల గుర్తింపు బల్ల ఒకటి ఏర్పాటు చేయడం. కృషి విజ్ఞాన కేంద్రం నుంచి ఒకరు, ఉపజిల్లా వ్యవసాయ కార్యాలయం నుంచి ఒకరు వారంలో ఆ కొద్ది గంటలు కూర్చుంటే, రైతు తెచ్చిన ఫొటోను చూసి ఇద్దరూ ఒకే రోజు తెలుసుకుంటారు. తెగులు సోకిన మొక్కను సంతకు తేకుండా చిత్రం మాత్రమే తెచ్చే అలవాటు చేయడం అందులో భాగం కావాలి. మూడవది, ఎదురెదురు గ్రామాల స్థానిక సంస్థలు సీజనుకు ముందు పంటల ప్రణాళికను పరస్పరం అందజేసుకోవడం. సాగు నిషేధ పట్టీ అవసరమైన చోట రెండు వైపులా ఒకే కాలంలో అమలైతేనే దాని ఫలితం నిండుగా ఉంటుంది. ఆ పట్టీలో గోధుమ మానుకున్న రైతుకు పప్పుధాన్యాలు, నూనెగింజల వంటి ప్రత్యామ్నాయం అందించి, మార్కెట్ చూపే బాధ్యత కూడా అందులో ఇమిడి ఉంది.

విద్యార్థులకు ఇక్కడ పరిశోధనాంశాలు కొరవ లేవు. సంత రోజున, సంత లేని రోజున పంట ధరల తేడా ఎంత? అయిదు కిలోమీటర్ల లోపలి రైతుకు, ఆరవ కిలోమీటరు రైతుకు ఆదాయంలో వ్యత్యాసం ఉన్నదా? ఖాసీ సమాజంలో బజారు నడిపేది ప్రధానంగా స్త్రీలే అయినప్పుడు, సరిహద్దు సంత అమ్మకందారుల అనుమతులలో వారి వాటా ఎంత? ఇటువంటి ప్రశ్నలకు పొలానికి వెళ్లి లెక్కగట్టిన జవాబులు వచ్చినప్పుడు, సంతల సంఖ్య పెంచాలా వద్దా అన్న చర్చ అభిప్రాయాల మీద గాక ఆధారాల మీద సాగుతుంది.

ఇరుగుపొరుగు దేశాల సహకారం శిఖరాగ్ర సమావేశాలలో ప్రకటితమవుతుంది. అది నిలిచేదీ కూలేదీ మాత్రం ఒకే నీరు, ఒకే గాలి, ఒకే తెగులు పంచుకునే గ్రామాలలోనే. ఆ గ్రామాల ఎన్నికైన సభలకు మాట్లాడుకునే మార్గం కల్పించడం రాజధానుల అధికారానికి లోటు కాదు. ఆ మార్గంలో తొలి సందేశం పంటను గురించినదైతే, దానిని మోసుకుపోవలసినవారు విస్తరణ శాస్త్రవేత్తలే.