విప్పి చూడదగిన ఫోను

తలిదండ్రుల నోట మేము తరచుగా వినుచున్న మాటలు రెండు. “పిల్లవాని చేతికి ఫోను ఇయ్యరాదు, చెడిపోవును” అనునది మొదటిది. “ఫోను లేనిదే ఈ కాలమున చదువు సాగదు” అనునది రెండవది. ఒకే యింట, ఒకే దినమున ఈ రెండును వినవచ్చుట కలదు. ఈ వాదములో ఎవరును అడుగని ప్రశ్న యొకటి మిగిలియున్నది. ఆ ఫోను లోపల మన తెలుగక్షరము ఎట్లు నిలిచియున్నది? అది పడిపోయినచో లేవనెత్తువారెవరు?

2018 ఫిబ్రవరిలో జరిగిన సంగతి కొందరికైన జ్ఞప్తియందుండును. ‘జ్ఞా’ అను తెలుగక్షరము ఒకానొక విధముగా కూర్పబడి సందేశములో వచ్చినంతనే ఐఫోనులలో ఆ సందేశమును చూపు అప్లికేషను కూలిపోయెను. అది నోటిఫికేషనుగా తెరమీదికి వచ్చినచో ఫోను మొత్తమే స్తంభించుటయు సంభవించెను. జ్ఞానమునకు తొలి యక్షరమే యింత పని చేసెనని లోకము నవ్వినది. తెలుగు చెప్పి బ్రతుకు మాకు నవ్వు రాలేదు. తప్పు అక్షరముది కాదు. ఒక హల్లు, పొల్లు, మఱియొక హల్లు, దాని వెనుక కంటికి కానరాని సంకేతమొకటి, పిదప అచ్చు గుర్తు, ఈ వరుసను చిత్రించు ప్రోగ్రాములో లోపముండెను. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులకును అదే గతి పట్టినదని పరిశీలకులు తేల్చిరి. ఆపిల్ కంపెనీవారు ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణను విడుదల చేసిరి. అంతవరకు ఫోను కొన్నవాడు చేయగలిగినది ఎదురుచూచుట మాత్రమే. లోపలి వ్రాతను విప్పి చూచు వీలు వానికి లేదు.

విప్పి చూడదగిన ఫోనులును కలవు. మూలవ్రాతను దాచక అందఱికి తెలిపెడి పద్ధతిని ఓపెన్‌సోర్సు అందురు. 2007లో ఓపెన్‌మోకో అను ప్రయత్నము ‘నియో 1973’ అను ఫోనును ఆ పద్ధతిలో వెలువరించినది. లోకమున తొలి చేతిఫోను సంభాషణ జరిగిన సంవత్సరమే దాని పేరు. ఆ ఫోను అంగడిలో నిలువలేదు. 2009లో ఆ వరుసలోని ఫోనుల పని నిలిచిపోయెను. అయినను దానిచుట్టు చేరిన స్వచ్ఛంద కార్యకర్తలు చేసిన యేర్పాటొకటి మాకు మిక్కిలి నచ్చినది. ఫోను కొనలేనివాడును తన కంప్యూటరులో ఒక ఫోల్డరును ప్రత్యేకించి, మోకోమేక్‌ఫైల్ అను చిన్న వ్రాత సాయమున, ఆ ఫోనుకు వలసిన సరంజామానంతయు అందులోనే కూర్చుకొని, ఆ ఫోనును తెరమీద నడిపించుకొనగలిగెను. 2017లో ఆరంభమైన పోస్ట్‌మార్కెట్ ఓయస్ వారును ఇట్టి సదుపాయమునే కల్పించిరి.

ఇందు రెండు గోడలు గలవు. మొదటిది ఆ ఫోల్డరు. ఫోను సాఫ్టువేరును తయారుచేయు పనిముట్లు అందులోనే యుండును. వెలుపలి కంప్యూటరు పనిముట్లతో కలిసి కలగాపులగము కావు. ఇది సన్నని గోడ. పరాకున జరుగు పొరపాటును ఆపును గాని దుర్బుద్ధిని ఆపజాలదు. రెండవది ఎమ్యులేటరు. ఫాబ్రిస్ బెలార్ అను ఫ్రెంచి పండితుడు 2003లో వెలువరించిన క్యూఎము అను ప్రోగ్రాము, ఫోను ప్రాసెసరుకు ఉద్దేశింపబడిన ఆజ్ఞలను కంప్యూటరు ప్రాసెసరు భాషలోనికి అనువదించును. లోపలి సాఫ్టువేరు తాను నిజమైన ఫోనులోనే యున్నట్లు నడచును. మౌసే వ్రేలు. ఈ గోడ దళసరి. ఇంకొక సుగుణము కూడ కలదు: కోరినచో ఆనాడు చేసిన మార్పులనన్నింటిని విడిచివేసి, మరునాడు తుడిచిన పలకవలె మొదటికి రావచ్చును.

మన విరుదునగర్ జిల్లాలో బాణసంచా పని తెలిసినవారికి ఈ యేర్పాటును వివరింపనక్కఱలేదు. మందు కలుపు గదిని తక్కిన గదులకు ఎడముగా కట్టవలెననియు, అందు కొలదిమంది మాత్రమే యుండవలెననియు నియమము. ఒకచోట రగిలినది వేఱొకచోటికి ప్రాకరాదు. (ఆ నియమమును మీఱినచోట ఏమి జరుగునో చెప్పుటకు మాకు మనసొప్పదు.) తండ్రి ఫోనులో బ్యాంకు లెక్కయున్నది, కొట్టు లావాదేవీలున్నవి, బంధువుల నంబర్లున్నవి. దానిని పిల్లవాడు విప్పి చూచుట యుక్తము కాదు. కావుననే వానికి వేఱొక గది కట్టియిండని మేము కోరుచున్నాము. ఫోనును దాచిపెట్టుటయు, ఆటలకు అప్పగించుటయు, రెండును పిల్లవానిని వాకిటనే నిలుపును.

లోపలికి పోయి వాడేమి చూచును? తెలుగు పాఠమునే చూచును. యూనికోడు పట్టికలో తెలుగునకు 128 స్థానములు గలవు. అందులో ‘క’ కలదు, ‘ష’ కలదు, ‘క్ష’కు మాత్రము ప్రత్యేక స్థానము లేదు. చూపువేళ రెండు హల్లులను పొల్లుతో కలిపి, వత్తును క్రిందికి దింపి, గుర్తును పైన చేర్చి, అక్షరమును అప్పటికప్పుడు కూర్పవలెను. నల్లబల్లమీద మేము చేయు పనియే అది. ఆండ్రాయిడ్‌లో ఈ పనిని హార్ఫ్‌బజ్ అను ఓపెన్‌సోర్సు ప్రోగ్రాము చేయుచున్నది. ఆ పేరు పారసీక పదములనుండి వచ్చినది. అక్షరరూపము దొరకనిచో తెరమీద ఖాళీ పెట్టె కనబడును. దానిని జపానువారి సోయా గడ్డపేరున ‘టోఫు’ అని పిలిచి, అది లేకుండజేయుటకై తయారుచేసిన అక్షరరూపములకు ‘నోటో’ అని పేరిడిరి. ఆండ్రాయిడ్ తన పట్టికలన్నిటిని తెలుగున చూపనారంభించినది 2014లో, 5.0 రూపముతో. ఆండ్రాయిడ్ పుట్టిన 2008 మొదలు అంతకాలము మనము ఎదురుచూచితిమి.

మనకు ఎదురుచూచుట అలవాటైనది. తెలుగు రాష్ట్రములలో కోట్లమంది యున్నారు గనుక ఏ కంపెనీయైనను నేడో రేపో వారి మాట వినును. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ ప్రాంతముల యిండ్లలో మాటలాడు తెలుగును ఎవరు వినవలెను? మేము ఆంధ్రదేశమున శిక్షణ పొంది యిచ్చటికి వచ్చిన తొలిదినములలో, మా విద్యార్థుల అవ్వలు పలికిన మాటలు కొన్ని మా నిఘంటువులలో దొరకలేదు. అవి తప్పులు కావు. మన మాటలను ఎఱుగని కీబోర్డు మాత్రము వాటిని మార్చివేయ జూచును. కోవిల్‌పట్టి చెంత ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి యింటిభాష తెలుగు. తమిళమున వ్రాసి 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి నందిరి. ఈ కరిసల్ నేలమీది తమిళ పలుకుబడికి వారు నిఘంటువు కూర్చిరి. మన యింటి తెలుగునకు అట్టి పట్టికను కూర్చి, ఓపెన్‌సోర్సు కీబోర్డు నిఘంటువులో చేర్చుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. తమిళనాట తమిళమును చక్కగా నేర్వవలసినదే; అందు మాకు వివాదము లేదు. తెలుగునకు బడిలో దొరకు గంటలు తక్కువైనప్పుడు, పిల్లవాడు రోజెల్ల చేతబట్టుకొను వస్తువులోనైనను అది సరిగా నుండవలెను గదా.

దీనికి లోపములు లేకపోలేదు. సిగ్నలు, బ్యాటరీ, చేతి స్పర్శ, వీనిని ఎమ్యులేటరు తెలుపజాలదు. గుజ్జనగూళ్లతో కడుపు నిండదు. నేటి ఆండ్రాయిడ్ ఎమ్యులేటరుకు ర్యాము ఎక్కువగా కావలెను. అది లేని కంప్యూటరు నత్తనడక నడచును. పరీక్షలో దీనికి మార్కులు రావనియు మేమెఱుగుదుము. పదవ తరగతివారు వేసవి సెలవులవరకు ఆగుట మేలు.

ఖర్చు విషయము. 2011 మొదలుకొని రాష్ట్ర ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా పంచిన ల్యాప్‌టాపులు ఇంకను కొన్ని యిండ్ల అటకలమీద నున్నవి. విండోసుతోపాటు సి-డాక్ వారి బాస్ లినక్సును వాటిలో నుంచిరి; దానిని తెఱచి చూచినవారు బహుస్వల్పము. వాటి శక్తి ఆండ్రాయిడ్‌కు చాలకపోయినను, పోస్ట్‌మార్కెట్ ఓయస్ వంటి తేలికపాటి దానికి చాలుననుకొందుము. కొత్త లినక్సును ఎక్కింపవలసి రావచ్చును. అట్టిది యెవరి యింటనైన నుండిన, తల్లిదండ్రులు ఒక్క శనివారము పిల్లవానితో బడికి పంపవలెనని కోరుచున్నాము. వలసిన ఫైళ్లను ముందుగా దింపుకొని, ఇంటర్నెట్టును తీసివేసి, గది కట్టుదము. ఆ కల్పిత ఫోను తెఱచుకొన్న పిమ్మట మొదట టైపుచేయింపదలచినది ‘జ్ఞా’.