ఊరి రేడియోకు టవర్ మీద చోటివ్వండి

గాలిలో సాగే రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చి చెప్పింది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో దళిత మహిళల సంఘాలు ఆ హక్కు కోసం ఏళ్ల తరబడి పట్టుబట్టాయి. లైసెన్సు రాని కాలమంతా తమ పాటలు, విత్తనాల ముచ్చట్లు, వైద్యం కబుర్లు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించుకున్నారు. 2006లో కేంద్రం స్వచ్ఛంద సంస్థలకు కూడా సామాజిక రేడియో నడిపే దారి తెరిచింది. 2008 అక్టోబరు 15న ఆ మహిళల ‘సంఘం రేడియో’ 90.4 ఎఫ్‌ఎంలో ప్రసారాలు మొదలయ్యాయి.

లైసెన్సు వచ్చినంత మాత్రాన గొంతు ఊళ్లకు చేరదు. టవర్ కావాలి.

సామాజిక రేడియోకు సాధారణంగా ఇచ్చే ప్రసార శక్తి 100 వాట్లే. యాంటెన్నా నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లు మించకూడదు. ఎఫ్‌ఎం తరంగం ఇంచుమించు తిన్నగా పోతుంది, గుట్ట అడ్డొస్తే బలహీనపడుతుంది. లెక్క ప్రకారం 15 మీటర్ల మీది యాంటెన్నాకు కనుచూపు దూరం సుమారు 16 కిలోమీటర్లు, 30 మీటర్ల మీద అది 22 దాటుతుంది. చదునైన నేల మీద ఎత్తు రెట్టింపైతే, దూరపు ఊరిలో సిగ్నల్ దాదాపుగా వాట్లు నాలుగింతలు చేసినంత బలపడుతుంది. వాట్లు పెంచుకునే వీల్లేని చిన్న స్టేషన్‌కు ఆ 15 మీటర్ల తేడా అంటే ఎన్నో ఊళ్లు.

సొంతంగా టవర్ కట్టడం చిన్న సంస్థకు పెనుభారం. పునాది, ఇనుము, గాలివేగానికి తట్టుకునే డిజైను, పిడుగుల నుంచి కాపాడే ఎర్తింగ్ అన్నీ ఖర్చే. అందుకే ఉన్న టవర్ మీద అద్దె చోటే తెలివైన దారి. అయితే అద్దె అంకె ఒక్కటే చూసి సంతకం పెడితే చిక్కులు తప్పవు. యాంటెన్నాను టవర్‌కు ఒక పక్కన బిగిస్తే ఆ ఇనుప చట్రమే అడ్డుపడి అవతలి వైపు ఊళ్లకు సిగ్నల్ పలచబడుతుంది. కాబట్టి ఏ కాలికి, ఏ ఎత్తులో బిగిస్తారో ఒప్పందంలో రాసుకోవాలి. డబ్బు మిగులుతుందని సన్నరకం కేబుల్ వేస్తే 40 మీటర్ల దూరంలోనే సగానికి దగ్గరగా శక్తి వేడిగా మారిపోతుంది. వానాకాలం రాత్రి పిడుగు పడి ట్రాన్స్‌మిటర్ ఆగిపోతే గేటు తాళం ఎవరి దగ్గరుంది, టవర్ ఎక్కే మనిషి ఎవరు? ఇవన్నీ ముందే తేలాలి. కేంద్రం 2024 మార్గదర్శకాల్లో స్టేషన్ అనుమతి గడువు 10 ఏళ్లకు పెరిగింది. అంత గడువున్న స్టేషన్‌ను 11 నెలల అద్దె కాగితం మీద నడపమనడం అన్యాయం.

అద్దె కట్టడానికి ఆదాయం ఏదీ అంటే, అదే మార్గదర్శకాలు ప్రకటనల సమయాన్ని గంటకు 7 నిమిషాల నుంచి 12కు పెంచాయి. ప్రభుత్వ ప్రకటనల రేటు కూడా 10 సెకన్లకు 52 రూపాయల నుంచి 74 అయింది. మంచిదే. కానీ ప్రకటన వస్తేనే ఆ రేటు, టవర్ అద్దె మాత్రం నెల తిరిగేసరికి కట్టాల్సిందే.

మరి ఖాళీ టవర్లు లేవా? ఉన్నాయి. దూరదర్శన్ తన పాత అనలాగ్ ప్రసారాలను 2022 నాటికి దాదాపుగా ఆపేసింది. చిన్న పట్టణాల్లోని చిన్న రిలే కేంద్రాలకు పని పోయింది. దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి ప్రైవేటు ఎఫ్‌ఎం కంపెనీలకు తన టవర్లను అద్దెకిస్తూనే ఉంది, కాబట్టి ఆ పద్ధతి కొత్తదేమీ కాదు. ప్రజల సొమ్ముతో నిలబెట్టిన టవర్ మీద నాలుగు మీటర్ల చోటు ప్రజల రేడియోకు ఇవ్వడానికి అడ్డేమిటి?

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. తీరం పొడవునా తుపాన్లు తప్పని ఆంధ్రప్రదేశ్‌లో, రెండు సెల్స్‌తో నడిచే రేడియో సెట్టులో ఊరి యాసలోనే కబురు చెప్పే దగ్గరి స్టేషన్ ఎంత అవసరమో అధికారులకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రసార భారతి, బీఎస్‌ఎన్‌ఎల్ తమ టవర్లలో ఖాళీ ఉన్న చోట్ల జాబితాను జిల్లాలవారీగా బయటపెట్టాలి. సామాజిక రేడియోలకు నామమాత్రపు అద్దె ఖరారు చేసి, అనుమతి గడువంత కాలానికి ఒప్పందం రాసివ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఈ మాట పార్లమెంటులో అడగాలి.