మర్యాద యనగా నేమి?



గతమాసమున మా యింట జరిగిన చిన్న సంగతి నొకదానిని మీకు విన్నవించెదను. మా అమ్మాయి స్నేహితురాండ్రిద్దరు చెన్నపట్టణమునుండి వచ్చియుండిరి. వారు చెంచాలతో భుజించుచుండగా, మా అత్తగారు ప్రక్కనే కూర్చుండి చారన్నము చేతితో కలిపి జుఱ్ఱుచు, “మీ నాయనగారి జీతమెంతమ్మా?” అని యొక బాలిక నడిగిరి. మా అమ్మాయి వంటయింటిలోనికి వచ్చి, “అవ్వకు మేనర్సు లేవు. డీసెంటుగా, ప్రాపరుగా నుండుట తెలియదు” అనెను. ఆ మాట అత్తగారి చెవిని బడినది. ఇంగ్లీషు రాకున్నను భావము తెలియకపోలేదు. ఆ రాత్రి మొదలు వారు పెరటి వసారాలో ఒంటరిగా భోజనము చేయసాగిరి.

ఆ మూడు మాటలును నాకు నిద్ర రానీయలేదు. మావారి నిఘంటువులను తిరుగవేసితిని. మేనర్సునకు మూలము లాటిను భాషలో ‘చేయి’ యను పదమట! డీసెంటు ‘తగియుండుట’ యను ధాతువునుండి పుట్టినది. ప్రాపరనగా మొదట ‘తనది’ యని యర్థము. ఆస్తిని దెలుపు ప్రాపర్టీ దాని తోబుట్టువే.

మాటలు పుట్టినచోటనే నిలిచియుండవు, నిజమే. సంస్కృతమున ‘తగినది’ యైన ఉచితము నేడు మన యంగళ్లలో ‘వెల లేనిది’ యైనది. క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున కావ్యమునకు ప్రాణమని చెప్పిన ఔచిత్యము మాత్ర మా మొదటి యర్థమునే నిలుపుకొన్నది.

మన మర్యాద యను మాటకు హద్దు, ఒడ్డు అని మూలార్థము. మా తడవారికి హద్దు క్రొత్తది కాదు. తూర్పున పులికాటు సరస్సు, దక్షిణమున తమిళనాటి సరిహద్దు. హద్దున కావలివారి తిండియు పలుకును వేరైనంతమాత్రమున వారు మర్యాద లేనివారా?

చేతితో తినుట అత్తగారి సొంతము. అందు హద్దు దాటినది లేదు. పరుల జీత మడుగుట కొంత దాటుటయే. పెద్దలు వినుచుండగా వారిని తూలనాడుట అంతకు మిక్కిలి దాటుట. ఈ మూడును అమ్మాయికి చెప్పితిని. ఆమె బదులాడలేదు.

ఆ రాత్రి తన కంచము తీసికొని వసారాకు పోయెను. అత్తగారు చారు వడ్డించుచు, “నీ స్నేహితురాండ్రు మరల నెప్పుడు వత్తురే?” అని యడుగుట నాకు వినబడినది.