కోడలి కూలి ఎవరి పద్దులో రాస్తారు?

మతిమరుపు ముదిరిన అత్తను ఒంటరిగా వదిలి ఏ కోడలు నాటుకు పోతుంది? ఎసరు పెట్టిన సంగతి ముసలమ్మకు గుర్తుండదు. తలుపు తీసి ఉంటే చాలు, పుట్టింటికని సూర్యాపేట-ఖమ్మం రోడ్డెక్కుతుంది. అందుకే మా మోతె మండలంలో ఇలాంటి ఇంట్లో ఒక ఆడమనిషి కూలి మానుకొని కాపలా కూర్చుంటోంది.

వృద్ధాప్య పింఛను ఇస్తున్నాం కదా అంటారు తెలంగాణ పాలకులు. 2019లో 2016 రూపాయలు చేశారు. 2023 ఎన్నికల్లో 4000 అన్నారు. 2025లోనూ చేతికొచ్చింది 2016 రూపాయలే. ఎనభై నిండనివారికి కేంద్రం వాటా 200. 2007 నుంచీ అదే 200! ఆ డబ్బు తెచ్చుకునే తంతు చూడాలి. ముసలమ్మ వేలు మిషన్ మీద నిలవదు, కోడలు మణికట్టు పట్టి నొక్కితే ఉలిక్కిపడి లాక్కుంటుంది. ఎలాగో ముద్రపడి, నోట్లు ఇల్లు చేరాక సాయంత్రం మొదలు: "నా పింఛిని పైసలు నువ్వే తిన్నవ్, దొంగదానా!" వాడంతా వింటుంది. కొందరు నమ్ముతారు కూడా.

చాదస్తమని కొట్టిపారేసే ఈ మతిమరుపు జబ్బు దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి ఉందని 2023లో తేల్చారు. పట్నాల కన్నా పల్లెల్లోనే ఎక్కువట. ఆరోగ్యశ్రీని 10 లక్షలు చేశారు, డెబ్బై దాటితే కేంద్రం 5 లక్షల బీమా అంటోంది. అంతా ఆసుపత్రి మంచానికే! తినిపించడం, కడగడం, రాత్రంతా మేలుకోవడం ఏ ప్యాకేజీలో ఉన్నాయి? కన్నవాళ్లను వదిలేస్తే 2007 నాటి చట్టం మూడు నెలలు జైల్లో పెట్టగలదు. వదలకుండా చూసుకునేవాళ్లకు మాత్రం దమ్మిడీ విదల్చదు.

మంచాన పడ్డవాళ్లను చూసుకునేవారికి కేరళ 'ఆశ్వాసకిరణం' కింద నెలకు 600 పెట్టింది. అది ఏ మూలకూ చాలదు, సమయానికి రాదని అక్కడివాళ్లే తిట్టుకుంటారు. అయినా ఆ చాకిరీని పనిగా ఒప్పుకుంది. మన సర్కారుకు ఆపాటి సిగ్గు కూడా లేదు.

2025-26లో తెలంగాణ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. చెరువులో పూడిక ఎత్తితే పని, మంచంలో మలం ఎత్తితే పని కాదా? నెలకు కనీసం పది రోజుల కూలి, 3070 రూపాయలు కట్టండి. ముసలమ్మ పింఛనులో కోత పెట్టి కాదు, వేరే పద్దు పెట్టి. కొడుకు పేరున కాదు, కోడలి ఖాతాలో.